బిస్మిల్లా లేని గెల

ఈ చొక్కా మీదున్న అరటి పసరు మరక సాక్షిగా చెప్తున్నాను, ఇక్కడ రాయబోయేదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. దేవుడి మీద ఒట్టేయొచ్చు. కానీ ఆయన మీద ఇంతకు ముందు వేసిన ఒట్లు చాలానే ఉన్నాయి, వాటి సంగతి ఆయనకూ నాకూ తెలుసు. అరటి పసరు అట్లా కాదు. బట్ట మీద పడ్డప్పుడు నీళ్ళలాగే ఉంటుంది. ఆరేసరికి నల్లబడుతుంది. ఆ తర్వాత ఏ సబ్బుకూ లొంగదు. చొక్కా చినిగిపోతుంది కానీ మరక పోదు. అలాంటి దాని మీద ఒట్టేసి బొంకేంత ధైర్యం నాకు లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందంటే, ఆళ్ళగడ్డలో నా మాటకున్న మర్యాద అంతంతమాత్రం. టీ అంగడిలో నేను నోరు తెరిస్తే ముందు అందరూ నవ్వి, తర్వాత వింటారు. మొన్నటికి మొన్న, ఒకే గెలకు నాలుగు వందల కాయలు కాసిన సంగతి చెప్తే, "నాలుగొందలేనా అన్నా, ఐదొందలు చేసుకో, మాదేం పోతాది" అన్నాడు టీ కాసేవాడు. నాలుగు వందలే కాసింది. నేను లెక్కపెట్టాను. సరే, దాని సంగతి ఇప్పుడొద్దు.

పోయిన వారం నంద్యాల బస్టాండులో పాణ్యం బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒకామె సీతాఫలాల గంప కింద పెట్టుకుని, తల మీద గుడ్డ చుట్టుకుని, అటూ ఇటూ చూసింది. ఎదురుగా నేనే ఉన్నాను.

"అన్నా, రోంత చెయ్యెయ్యన్నా" అన్నది.

నా చేతులు రెండూ జేబుల్లోకి పోయాయి. ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి, పక్కకు తిరిగి ఇంకెవరినో అడిగింది. బీడీ తాగుతున్న కండక్టరు బీడీ పారేసి వచ్చి గంప ఎత్తిపెట్టాడు. పాణ్యం బస్సు వచ్చి పోయింది. నేను ఎక్కలేదు.

మా అక్క పోయి అప్పటికి నలభై రోజులు దాటింది. నలభయ్యో రోజు ఫాతిహా చదివించి, అన్నం పెట్టారని తర్వాత తెలిసింది. నన్ను పిలవలేదు. పిలవాల్సిన పని కూడా లేదు, నేనేమీ చుట్టాన్ని కాను.

పేరు రాయను. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అరటి తోటల్లో గెలలు కోసి, మోసి, లారీకి నింపే ముఠా మాది. మగా ఆడా కలిపి ఇరవై మందిమి. ఆ ఇరవై మందికీ ఆమె అక్కే. తనకంటే పదేళ్ళు పెద్దవాడైన ముఠా మేస్త్రీ కూడా అక్కా అనే పిలిచేవాడు. సన్నగా, కొంచెం పొట్టిగా ఉండేది. ఎడమ భుజం కుడి భుజం కంటే ఒక వేలెడు కిందికి ఉండేది. నేను ఆ ముఠాలో లారీ మీద ఉండేవాణ్ణి. కింద ఎండుటాకు పరిచి, గెల మీద గెల నలగకుండా పేర్చడం నా పని. ఇంటర్ దాకా చదివినవాణ్ణి కాబట్టి, సంఘం పెట్టుకున్నాక అర్జీలు రాసే పని కూడా నాకే తగిలించారు.

గెల మోయడం ఎవరైనా చూసి ఉంటారు. ఎత్తడం ఎవరూ చూడరు. బాగా ఊరిన గెలను ఎవరి తలకు వాళ్ళు ఎత్తుకోలేరు. ఎత్తుకోబోతే గెల మీది చివరి కాయలు విరుగుతాయి, లేదా నడుము విరుగుతుంది. ఇంకొకరు ఎదురుగా నిలబడి, తొడిమ ఒక చేత్తో, కింది కొస ఒక చేత్తో పట్టి, మోసేవాళ్ళ ఊపిరితో తమ ఊపిరి కలిపి ఒక్క ఊపున లేపాలి. మా ముఠాలో ఆ పని అక్కది. పొద్దున నుంచి గెలలు నరికిన చోట నిలబడి, వచ్చినవాళ్ళ తలకు వచ్చినట్టు ఎత్తిపెట్టేది.

ఆమె పద్ధతి ఒకటుండేది. ముందు అరచేత్తో మన నెత్తి మీద తట్టేది, గుడ్డ చుట్ట సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి. తర్వాత "తింటివా?" అని అడిగేది. తినలేదంటే ఎత్తేది కాదు.

"కడుపులో ఏం లేకుంటే మెడ నిలబడదు. పోయి ఇంత ముద్ద తినిపో. గెల యాడికీ లేచిపోదు."

తిన్నానని అబద్ధం చెప్తే పట్టేసేది. ఎట్లా అంటే నాకు తెలియదు. నా అనుమానం, వాసన చూసేది.

ఇవన్నీ అయ్యాక అల్లా పేరు తలుచుకుని "బిస్మిల్లా" అనేది. ఆ మాట నోట్లోంచి వస్తూండగానే గెల మన తల మీద ఉండేది. ఒక పక్కకు ఒరగకుండా, కొలిచి పెట్టినట్టు. వేలకు వేల గెలలు ఎత్తింది, ప్రతి గెలకూ ఒక బిస్మిల్లా. కొన్నాళ్ళకు ముఠాలో ఏటా తిరపతికి నడిచిపోయేవాళ్ళు కూడా తల వంచి "బిస్మిల్లా అనక్కా, బిరిక్కిన" అని తొందరపెట్టేవాళ్ళు. ఒకరికొకరు ఎత్తుకునేటప్పుడు వాళ్ళ నోట్లోంచి కూడా అదే వచ్చేది. లారీ మీద ఉండేవాణ్ణి కాబట్టి నాకు ఆ అలవాటు కాలేదు.

ఆమె గొంతు గురించి చెప్పాలి. ఒకసారి తోటలో పాము కనబడితే అక్క "ఓయ్, ఆగండి!" అని అరిచింది. కాలవ అవతల రోడ్డు మీద పోతున్న ఆళ్ళగడ్డ బస్సు ఆగింది. డ్రైవరు తలకాయ బయట పెట్టి, ఎవరెక్కాలని అడిగాడు. ఇది నేను చెప్తే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె.

నా మాటలు కొలవడానికి ఆమె దగ్గర ఒక కొలత ఉండేది. నేను ఏదైనా చెప్పడం మొదలుపెట్టగానే కుడిచేతి చూపుడువేలు నిలబెట్టేది. చెప్పడం అయ్యాక బొటనవేలిని ఆ వేలి మీద ఎక్కడో ఒకచోట ఆనించి చూపించేది. మొదటి గీత దాకా అంటే కాస్త నిజం. రెండో గీత దాకా అంటే సగానికి పైగా. చాలాసార్లు గోరు కొస మీదే ఆనించేది.

"ఇంతేనప్పా ఇందులో నిజం. మిగతాదంతా నీ సొంత పంట."

ఇక మొద్దు సంగతి.

బండి ఆత్మకూరు దిక్కున మేం కోసే పెద్ద తోటకు, రోడ్డుకు మధ్య ఒక కాలవ ఉంది. ట్రాక్టరు తోటలోకి పోయే దారి లేదు. కాలవకు అడ్డంగా ఒక తాటి మొద్దు వేసి ఉండేది. గెలలన్నీ నెత్తిన పెట్టుకుని దాని మీదుగానే అవతలికి చేర్చాలి. వానాకాలం నల్లరేగడి మట్టి కాళ్ళకు అంటుకుని, ఆ కాళ్ళతో మొద్దు ఎక్కితే సబ్బు మీద నడిచినట్టుండేది. చేతులు రెండూ గెల మీద ఉంటాయి. కిందికి చూడ్డానికి మెడ వంగదు. పాదాలతో తడుముకుంటూ పోవడమే.

చాలా ఏళ్ళ కింద ఒక పొద్దున మద్దిలేటి అని మా ముఠా మనిషి ఆ మొద్దు మీద నుంచి జారాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. కాలవలో నీళ్ళు మోకాటి దాకానే. గెల తల మీదే ఉండిపోయింది, మనిషి కింద పడ్డాడు, గెల బరువంతా మెడ మీద పడింది. బయటికి తీసుకొచ్చి గట్టు మీద పడుకోబెడితే కళ్ళు తెరిచే ఉన్నాడు. "అక్కా, నా చేతులు యాడుండాయో చూడు" అన్నాడు. రెండు చేతులూ ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. ఆమె పట్టుకునే ఉంది. అతనికి తెలియడం లేదు, అంతే.

బతికాడు. మెడ కింద ఏదీ కదలని బతుకు.

మేమందరం తోట రైతు దగ్గరికి పోయాం. కాలవ మీద రెండు సిమెంటు తూములు వేసి మట్టి పోస్తే ట్రాక్టరు తోటలోకే వస్తుంది, మొద్దుతో పని ఉండదు, ఇదీ మేం అడిగింది. రైతు, "తోట మీద పంట నేను గుత్తకిచ్చినా, కోతతో నాకేం పని? సావుకారిని అడగండి" అన్నాడు. గుత్తకు కొన్న సావుకారి దగ్గరికి పోతే, "గెల నాది గానీ నేల నాది కాదు గదప్పా, నేనెట్ల తూములేస్తా?" అన్నాడు. కాలవల ఆఫీసుకు పోతే కాలవ మీద ఎవరూ ఏమీ కట్టకూడదన్నారు.

తిరిగొస్తూ ఆటోలో అక్క వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టింది. తర్వాత అన్నది.

"నేల రైతుది. గెల సావుకారిది. కాలవ గవుర్మెంటుది. మెడ ఒకటే మనది."

ఆ సాయంత్రమే సంఘం పెట్టుకున్నాం. నన్ను కార్యదర్శి అన్నారు. నేను రాత్రంతా కూర్చుని అర్జీ రాసి, పొద్దున్నే అందరి ముందూ చదివాను. అక్క చూపుడువేలు నిలబెట్టి విన్నది. సగంలో ఆపింది.

"కాలవలో మొసళ్ళుండాయని రాసినావు. యాడుండాయి?"

"లేవక్కా. రాస్తే ఆఫీసోళ్ళు బయపడి బిరిక్కిన వస్తారని."

"మనిషి మెడ ఇరిగె. అది చాల్లేదా వాళ్ళకి? మొసలి గూడా కావాల్నా?"

"చాలదేమో అనిపించిందక్కా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. బొటనవేలు ఎక్కడా ఆనించకుండా చెయ్యి కిందికి దించింది. "ఉండనీలే. నీకు తెలిసినంత నాకు తెల్దు వాళ్ళ గురించి" అన్నది. మొసళ్ళతోనే అర్జీ పోయింది. ఎవరూ రాలేదు.

పనికి పోకుండా ఇంట్లో కూర్చుందామన్నారు కొందరు. అక్క వద్దన్నది.

"ఇంట్లో కూచుంటే ఇంగొకర్ని తెచ్చుకుంటారు. పనికే పోదాం. కోద్దాం. మోయల్లంటే తల గూడా పెడదాం. ఎత్తేది మాత్రం లేదు. ఎవురి తలకీ ఎవురూ ఎత్తొద్దు. సావుకారి వచ్చి ఎత్తిపెడితే మోద్దాం."

మిగిలిన పంతొమ్మిది మందిమీ ఆ తాటి మొద్దు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాం. తూములు పడేదాకా ఎవరి తలకూ గెల ఎత్తమని. నా చెయ్యి అక్క చెయ్యి పక్కనే ఉంది.

మొదటి రోజు మా ఆనందం చూడాల్సింది. పొద్దున వంద గెలలు కోశాం. కోసిన గెల పక్కన ఒక్కొక్కరం తల వంచి బుద్ధిగా నిలబడ్డాం. సావుకారి గుమాస్తా అరిచాడు. తిట్టాడు. బతిమాలాడు. చివరికి తానే ఎత్తుతానని చొక్కా చేతులు పైకి మడిచాడు. తెల్లచొక్కా మనిషి. ఒక గెలను తొడిమ పట్టి లేపాడు, అది మోకాలి దాకా వచ్చి ఆగింది. రొమ్ముకు ఆనించుకుని రెండో దమ్ము పట్టాడు. కోసిన తొడిమలోంచి పసరు సన్నని ధారగా చొక్కా మీద కారింది.

"అప్పా గుమాస్తా, ఒళ్ళుకు ఆనిచ్చొద్దు. చొక్కా పాయె" అన్నది అక్క, నిజంగానే జాలిగా.

"నువ్వు నోరు మూసుకోవే!"

"నేను మూసుకుంటాలే. నీ ఇంటామె మూసుకోదు, ఆ మరక చూస్తే."

కోసిన గెలలు నేల మీదే పండడం మొదలైంది. రెండో రోజు, మూడో రోజు సావుకారి కోతే వద్దన్నాడు. తోటంతా పండు వాసన. నాలుగో రోజు ఎక్కణ్ణించో దూరపు ఊరి నుంచి పదిహేను మంది కూలీలను దించాడు. అక్క వాళ్ళ దగ్గరికి పోయి, మొద్దు చూపించింది. మద్దిలేటి పడ్డ చోటు చూపించింది. తనతో తెచ్చుకున్న రొట్టెలు చించి పంచింది. వాళ్ళు కూడా మనుషులే. గెల ఎత్తకుండా గట్టు మీద మాతో పాటే కూర్చున్నారు.

అప్పుడు సావుకారి దిగొచ్చాడు. మధ్యాహ్నం తానే వచ్చి మాట్లాడతానని కబురు పంపాడు. తూములకు మనిషిని కూడా పంపించాడని ట్రాక్టరు డ్రైవరు చెప్పాడు. నేను కార్యదర్శిని కాబట్టి ఇంటికి పోయి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాను. నాలుగు రోజులుగా ఎవరి బట్టల మీదా ఒక్క కొత్త మరక లేదు. పెండ్లికి వచ్చినట్టుందని నవ్వుకున్నాం.

ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డు మీద దుమ్ము లేచింది. జీపు. అందరం లేచి అటే చూస్తున్నాం.

దూరపు ఊరి కూలీల్లో ఒక పిల్ల ఉంది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. పాలు తాగే బిడ్డను ఊళ్ళో విడిచి వచ్చింది. ఒక గెల మోసినా చాలు, బస్సు ఛార్జీ ఇచ్చి ఇంటికి పంపిస్తానని గుమాస్తా పక్కకు పిలిచి చెప్పాడట. అందరూ జీపు వైపు చూస్తుంటే ఆ పిల్ల వెనక ఒక్కతే ఒక గెల నరికి, నెత్తిన గుడ్డ చుట్టుకుని, గెల దగ్గర ఒంగి నిలబడింది. రవిక ముందు భాగమంతా పాలతో తడిసి ఉంది. దగ్గర్లో ఉన్నది అక్క.

"అక్కా, రోంత చెయ్యెయ్యక్కా" అన్నది.

ఇరవై ఏళ్ళుగా, ఒంగిన తల కనబడగానే లేచే చేతులు అవి. వాటికి సమ్మె సంగతి ఎవరు చెప్తారు? అక్క వంగింది, గెల లేచింది. బిస్మిల్లా అనలేదు. గెల కాస్త ఒరిగి కూర్చుంది కూడా. నేను తల తిప్పి చూసేసరికి ఆమె రెండు చేతులూ పైకెత్తి, ఆ పిల్ల తల మీది గెలను పట్టుకుని సరిచేస్తోంది.

ఆ పిల్ల మొద్దు వైపు నడిచింది. అప్పుడు అందరూ చూశారు.

"ఎవురెత్తినారు?" మా మేస్త్రీ అరిచాడు. "ఎవురు ఎత్తినారంటాండా!"

అక్క చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటిని మెల్లగా దించింది.

"నేనే" అన్నది.

దూరపు ఊరి కూలీల్లో ఒకాయన లేచి నిలబడ్డాడు. "మమ్మల్ని ఎత్తొద్దని కూచోబెట్టి మీరే ఎత్తుతాండారా? ఇదేం నాటకమమ్మా?" అని తుండుగుడ్డ దులుపుకున్నాడు. ఆయన వెనకే పదిహేను మందీ లేచారు. ఒకరి తలకొకరు ఎత్తుకున్నారు. రోడ్డు మీద జీపు ఆగింది. సావుకారి జీపు దిగలేదు. మొద్దు మీద గెలలు వరసగా అవతలికి వస్తున్నాయి, లోపల కూర్చునే చూశాడు. డ్రైవరుతో ఏదో అన్నాడు. జీపు వెనక్కి తిరిగింది.

పది రోజుల తర్వాత తూములు రాలేదు గానీ, తాటి మొద్దు పక్కన ఇంకో తాటి మొద్దు వేసి, రెండింటినీ ఇనుప తీగతో కట్టారు. మా సమ్మెకు దక్కింది అదే.

ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. మేం మళ్ళీ పనికి పోయిన మొదటి రోజు అక్క కూడా వచ్చింది. ఎత్తే చోట మేస్త్రీ ఇంకో ఆడమనిషిని నిలబెట్టాడు. సరేనని అక్క తానూ మోయడానికి గుడ్డ చుట్టుకుని, ఒక గెల పక్కన తల వంచి నిలబడింది. ఎవరూ రాలేదు. కొత్తగా ఎత్తుతున్నామె పక్కనుంచే పోయింది. మేస్త్రీ పోయాడు. నేను ఆ పక్కనుంచే నీళ్ళు తాగడానికి పోయాను, తాగి తిరిగి వచ్చాను. ఆమె అట్లాగే నిలబడి ఉంది. పొద్దు నెత్తి మీది నుంచి పక్కకు జరిగే దాకా నిలబడింది. తర్వాత గుడ్డ విప్పి, దులిపి, భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎవరి సాయం అక్కర్లేని పనులే చేసుకుంది. తోటల్లో పిలకలు తీయడం, ఎండాకులు కోయడం. ఆళ్ళగడ్డ సంతలో అరిటాకులు అమ్ముతూ కనిపించేది. ఆకుల కట్ట తేలిక, తానే ఎత్తుకోగలదు.

గెల ఎత్తిన రోజు సాయంత్రమే ఆమె మద్దిలేటి ఇంటికి పోయిందని అతని భార్య చెప్పింది. అప్పటికే సంగతి అతనికి చేరింది. ఎవరో పేరు చెప్పకుండా, ముఠాలో వాళ్ళే ఎత్తారని మాత్రం చెప్పారట. "ఎవురక్కా ఎత్తింది?" అని అడిగాడట. "నేనేప్పా" అన్నదట. మొహం తిప్పుకోవడానికి మెడ లేదు కదా. కళ్ళు మూసుకున్నాడట. ఆమె రాగి సంగటి కలిపి తెచ్చింది, నోటి దగ్గర పెడితే నోరు తెరవలేదట. అయినా వారం వారం పోతూనే ఉండేది, అతను పోయేదాకా. అతను మాట్లాడేవాడు కాదట. చివరికి నోరు మాత్రం తెరిచేవాడట, ముద్దకు.

మూడు నెలల కింద, నంద్యాల పెద్దాసుపత్రిలో ఉందని తెలిసి చూడ్డానికి పోయాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. దిండుకు ఆనించి కూర్చోబెట్టారు. ఎడమ భుజం ఇంకా కిందికి దిగిపోయింది. నన్ను చూడగానే చూపుడువేలు లేపింది.

"వచ్చినావా కతలాయనా. చెప్పు ఒకటి."

"ఏం చెప్పమంటావక్కా?"

"ఆ పొద్దు కత. గెల ఎత్తిన కత. టీ అంగట్లో చెప్తాంటావంట గదా, బాగా చెప్తావంట. నేను ఇన్లేదు ఒక్కసారి గూడా."

నేను చెప్పాను. పైన రాసినట్టే, జీపు దుమ్ము దగ్గర్నుంచి, పిల్ల రవిక తడి దాకా, ఇరవై ఏళ్ళుగా అలవాటుపడ్డ ఆమె చేతుల దాకా. పక్క మంచాల వాళ్ళు కూడా విన్నారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

అక్క చివరిదాకా విన్నది. బొటనవేలు తీసుకొచ్చి చూపుడువేలి గోరు కొస మీద ఆనించింది.

"ఇంత" అన్నది. దగ్గు ఆగాక నవ్వింది. "పోనీలే. జనం నమ్మినారు గదా. తింటివా నువ్వు?"

తిన్నానన్నాను.

"అబద్ధం. పోయి తిను" అన్నది.

అవే ఆమె నాతో అన్న ఆఖరి మాటలు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. పైన రాసినదాంట్లో ఒకటి నేను కల్పించాను. బస్సు ఆగడం కాదు. అది ఆగింది, ఆ డ్రైవరు రిటైరై ఊళ్ళోనే ఉన్నాడు, పోయి అడగండి. మొసళ్ళూ కాదు, అవి అర్జీలో ఉన్నాయి, నకలు నా దగ్గర ఉంది. నాలుగు వందల కాయల గెల విషయంలో కావాలంటే ఓ యాభై తగ్గించుకోండి.

ఆ పిల్ల పిలిచింది అక్కను కాదు. "అన్నా, రోంత చెయ్యెయ్యన్నా" అన్నది. దగ్గర్లో ఉన్నవాణ్ణి నేను. జాలిపడ్డానో, అడిగితే కాదనడం చేతకాలేదో, ఎప్పుడూ లారీ మీద ఉండేవాణ్ణి కాబట్టి ఎత్తగలనని చూపించుకోవాలనుకున్నానో, ఇన్నేళ్ళు ఆలోచించినా తేలలేదు. ఎత్తాను. ఎత్తడం రానివాడి ఎత్తు అది. గెల ఒక పక్కకు ఒరిగి, ఆ పిల్ల మెడ వంకరపోయింది. అక్క అటు నుంచి ఒక్క పరుగున వచ్చి రెండు చేతులతో గెలను పట్టుకుంది. నిలబెట్టింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అప్పుడు అందరూ ఇటు తిరిగారు.

ఎవరెత్తారని మేస్త్రీ అరిచినప్పుడు ఆమె ముందు నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. ఊరంతా నిండేంత నోరు నాది, అది తెరుచుకోలేదు. ఆమె కాసేపు చూసి, తెరుచుకోదని తెలుసుకుని, "నేనే" అన్నది. ఎందుకన్నదో నేను ఎప్పుడూ అడగలేదు. కార్యదర్శే ఎత్తాడంటే ఆ సంఘం ఇంక లేవదనుకుందేమో. ఎట్లాగూ లేవలేదు.

కావాలనుకుంటే ఎవరైనా కనిపెట్టగలిగేవాళ్ళే. బిస్మిల్లా లేకుండా ఆమె ఒక్క గెల ఎత్తి ఎరగదు. ఒరిగేటట్టు ఎత్తి ఎరగదు. అప్పుడే నరికిన గెల అది, పసరు కారుతూ ఉంది. అట్లా ఒరిగేటట్టు ఎత్తినవాళ్ళ రొమ్ము మీద పడాలి. ఆమె చీర మీద ఒక్క చుక్క లేదు.

మొదట్లో ఒట్టేసుకున్నానే, ఈ చొక్కా అదే. మాట్లాడ్డానికని ఉతికి వేసుకొచ్చింది. రొమ్ము మీద, గుండీల పక్కన, జానెడు మరక. అందరూ ఆమె చేతుల వైపే చూశారు. నా చొక్కా వైపు ఎవరూ చూడలేదు.